ఇన్‌సైట్ 19 పడినా అబద్ధం చెప్పేశా, ఇప్పుడు నా కల్ట్‌ని ఎలా బయటపెట్టాలి?

ఇరవై_పడని_డీఎం
అందరికీ హాయ్, చాలా రోజులుగా చదువుతూ ఉన్నా గానీ పోస్ట్ పెట్టడం ఇదే మొదటిసారి. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి ప్లీజ్.

డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలు వేస్తూ అందరూ కలిసి కథ ఆడే గేమ్) ఫిఫ్త్ ఎడిషన్, 2014 రూల్స్, నేను డీఎం అంటే కథ నడిపేవాడిని, నలుగురు ప్లేయర్లు, అందరూ నాలుగో లెవెల్. పాలడిన్ (దైవ యోధుడు), క్లెరిక్ (పూజారి), రోగ్ (దొంగ), విజార్డ్ (మంత్రగాడు). ఆరు సెషన్లు అయ్యాయి. కథ ఏంటంటే ఒక ఊరికి విషజ్వరం వస్తుంది, ఎవరి మందూ పనిచెయ్యదు, అప్పుడు "దీపం వాళ్ళు" అని ఒక గుంపు వచ్చి ఇంటికో దీపం ఇస్తారు, రాత్రంతా వెలిగిస్తే తెల్లారేసరికి జ్వరం దిగిపోతుంది. పైసా తీసుకోరు. అసలు సంగతి, ఆ దీపం వెలిగిన ప్రతి రాత్రీ ఆ ఇంట్లోవాళ్ళకి చనిపోయినవాళ్ళ జ్ఞాపకం ఒకటి పోతుంది, అవన్నీ పోగేసి గుడి కింద నిద్రపోతున్న ఒకదానికి మేపుతున్నారు. ఊళ్ళో ఎవరూ ఏడవరు, ఏడవడానికి గుర్తుండాలి కదా.

సమస్య ఏంటంటే ప్లేయర్లు ఈ దీపం వాళ్ళ కల్ట్‌ని పూర్తిగా నమ్మేశారు. అనుమానిస్తారని నేను రెడీ అయి కూర్చుంటే పాలడిన్ ఆడేవాడు పోయిన సెషన్లో "నేనూ వీళ్ళలో చేరతా, ఎవర్ని కలవాలి" అంటున్నాడు. రోగ్ ఆడే అమ్మాయి మూడో సెషన్లో జ్వరం తగిలి దీపం తీసుకుంది, జ్వరం తగ్గాక కూడా వెలిగిస్తూనే ఉంది, ఆ క్యారెక్టర్ బ్యాక్‌స్టోరీలో చనిపోయిన తమ్ముడున్నాడు. నేనేం అనలేదు, రాత్రుళ్ళు లెక్కపెట్టుకుంటున్నా అంతే.

ఇంకోటి ఇంతకన్నా ఘోరం. రెండో సెషన్లో రోగ్ వెళ్ళి కల్ట్‌లో నంబర్ టూ అయిన పెద్దక్కని "దీపానికి బదులు ఏమైనా తీసుకుంటారా" అని అడిగింది. ఆవిడ ఏమీ లేదంది. రోగ్‌కి ఇన్‌సైట్ (అబద్ధం పసిగట్టే రోల్) 19 పడింది. పెద్దక్క డిసెప్షన్ (అబద్ధం దాచే రోల్) 9. నేను కంగారుపడిపోయి "నిజమే చెప్తోందనిపిస్తోంది" అనేశా. ఆరు నెలల కథ రెండో సెషన్లోనే అయిపోతుందని భయం వేసింది, అదీ సంగతి. ఇప్పుడు నిజం బయటపడితే ఆ అమ్మాయి 19 సంగతి మర్చిపోదు, షీట్ మీద డేట్ వేసి నోట్స్ రాసుకునే రకం.

గుహలో_గుడ్లగూబ
సూటిగా చెప్తా, ఏమనుకోకు. అది చీటింగే. కల్ట్ అబద్ధం ఆడొచ్చు, ఎన్‌పీసీ (డీఎం నడిపే పాత్ర) ఆడొచ్చు, డీఎం ఆడకూడదు. ప్లేయర్‌కి ఆ ప్రపంచంలో కళ్ళూ చెవులూ నువ్వే, కళ్ళే అబద్ధం చెప్తే ఇంక ఆడేదేముంది. 9 మీద 19 గెలిచిందంటే గెలిచినట్టే. ఇచ్చెయ్యాల్సింది.

మిమిక్_పెట్టె
ఇంత సీరియస్ అక్కర్లేదు లెండి, ప్రతి డీఎం ఎప్పుడో ఒకప్పుడు చేసిన పనే. నేనైతే ఒకసారి విలన్‌కి హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) అయిపోయినా ఇంకో రెండు రౌండ్లు నిలబెట్టా.

నాకో డౌట్, జ్వరానికి లెసర్ రిస్టోరేషన్ (జబ్బు నయం చేసే రెండో లెవెల్ స్పెల్) చాలు కదా? క్లెరిక్ ఏం చేస్తున్నట్టు?

ఇరవై_పడని_డీఎం
@మిమిక్ అదీ లెక్కేశా. నాలుగో లెవెల్ క్లెరిక్‌కి రెండో లెవెల్ స్లాట్లు (స్పెల్ వెయ్యగల ఛాన్సులు) మూడు, అంటే రోజుకి ముగ్గురు. పాలడిన్ లే ఆన్ హ్యాండ్స్ (చేత్తో తాకి నయం చేసే శక్తి) 20 పాయింట్లు, ఒక జబ్బుకి 5 చొప్పున నలుగురు. మొత్తం ఏడుగురు. ఊళ్ళో మూడొందల మంది ఉన్నారు, జ్వరం మళ్ళీ మళ్ళీ వస్తుంది. అందుకే దీపం వాళ్ళు లేకపోతే గడవదు అన్నట్టు పెట్టా.

@గుడ్లగూబ ఒప్పుకుంటున్నా అన్నా, అందుకే కదా అడుగుతున్నా.

పాత_పాచిక
గుడ్లగూబ చెప్పింది కరెక్టే, కానీ ఆట ఇంకా నడుస్తోంది కదా తమ్ముడూ. నీ నోట్స్‌లో రాసుకున్నది ఏదీ ఇంకా జరగలేదు, టేబుల్ మీద నోటితో చెప్పిందే జరిగింది. నువ్వు చెప్పింది ఏంటి, పెద్దక్క నిజం చెప్తోంది అని. సరే, నిజమే చెప్తోంది అనుకో. ఆవిడకి అసలు విషయం ఎందుకు తెలీదు అన్నది ఇప్పుడు నువ్వు కూర్చుని ఆలోచించు.

మనలో చాలామంది కల్ట్ అనగానే అందరూ దొంగలే, అందరూ నటిస్తున్నారు అన్నట్టు రాసుకుంటాం. అలాంటి కల్ట్ రెండు సెషన్లు కూడా ఆగదు, ప్లేయర్లు రోజుకి పది మందిని కదిలిస్తారు, ఒక్కడు తడబడితే చాలు. నిలబడే కల్ట్‌లో అబద్ధం చెప్పేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మిగతా అందరూ తమకి జరిగిన మేలు చెప్తారు, అది నూటికి నూరు పాళ్ళు నిజం, జ్వరం తగ్గింది కదా మరి. ఎప్పుడూ నమ్మినవాళ్ళనే ముందు నిలబెడతారు. తెలిసినవాడు వెనకెక్కడో దీపాల్లో నూనె పోస్తూ ఉంటాడు, వాడి పేరు కూడా ఎవరూ అడగరు.

పెద్దక్క సంగతి, నేనైతే ఇలా చేస్తా. మొట్టమొదటి దీపం వెలిగింది ఆవిడ ఇంట్లోనే. ఆవిడకో కూతురుండేది, జ్వరంతో పోయింది, దీపం ఆ పిల్లని రాత్రికింత చొప్పున మొత్తం తీసుకుపోయింది. ఇప్పుడు అడిగితే "బదులు ఏమీ తీసుకోరు" అంటుంది, ఆవిడకి తెలిసినంతలో అది నిజం. ఇంట్లో మూల ఒక చిన్న మంచం ఉంటుంది, అది ఎందుకుందో ఆవిడకీ తెలీదు, ఎవరైనా అడిగితే "ముందు నుంచీ ఉంది" అంటుంది.

రోగ్‌కి పడిన 19 అప్పుడు నీ మీద కేసు కాదు, ఆ మంచం దగ్గరికి దారి.

ఇరవై_పడని_డీఎం
అన్నా... చేతులు వణుకుతున్నాయి టైప్ చేస్తుంటే. మంచం కాపీ కొట్టేస్తున్నా, ముందే చెప్తున్నా.

కానీ క్లెరిక్ జోన్ ఆఫ్ ట్రూత్ (అబద్ధం చెప్పనివ్వని స్పెల్) ప్రిపేర్ చేసుకుని ఉంది, ఎప్పుడైనా వెయ్యొచ్చు, నాకు అది చూస్తేనే నిద్ర పట్టట్లేదు. బ్యాన్ చెయ్యనా?

మూడో_లెవెల్_మంత్రగాడు
బ్యాన్ చెయ్యకు! ఈ స్పెల్ నీకు శత్రువు అని ఎవరు చెప్పారు. 15 అడుగుల రేడియస్, పది నిమిషాలు, లోపలున్నవాళ్ళు కరిస్మా సేవ్ (స్పెల్‌ని తట్టుకోవడానికి వేసే రోల్) ఫెయిలైతే తెలిసి అబద్ధం చెప్పలేరు. ఆ "తెలిసి" అన్న మాట దగ్గర ఆగి చదువు. నమ్మినవాడు ఎంత తప్పు చెప్పినా అది అబద్ధం కిందకి రాదు. పాత పాచిక గారు చెప్పినట్టు పెద్దక్కని మారిస్తే ఆవిడని గిరి గీసి మధ్యలో నిలబెట్టి అడిగినా అదే మాట చెప్తుంది, పైగా అక్కడితో ప్లేయర్ల నమ్మకం డబుల్ అవుతుంది. నీ కల్ట్‌కి వాళ్ళ చేతే సర్టిఫికెట్ ఇప్పించినట్టు.

దాయకూడనివి కూడా ఉన్నాయి చూసుకో. ఎవరు సేవ్ పాసయ్యారో ఎవరు ఫెయిలయ్యారో స్పెల్ వేసినవాళ్ళకి తెలుస్తుంది, అది చెప్పాల్సిందే. లోపలున్నవాడికి స్పెల్ ఉందన్న సంగతి తెలుస్తుంది, నోరు మూసుకోవచ్చు, చుట్టు తిప్పి జవాబివ్వొచ్చు. అసలు విషయం తెలిసిన ఆ ఒక్కడు ఆ గిరి దగ్గరికి రాకుండా ఉండటానికి ప్రతిసారీ ఒక సాకు చెప్పాలి, ఆ సాకులే ఒక క్లూ. మూడుసార్లు తప్పించుకుంటే ప్లేయర్లే పట్టుకుంటారు.

డిటెక్ట్ థాట్స్ (మనసు చదివే స్పెల్) వేరే కథ, విజార్డ్ దగ్గర ఉంటే జాగ్రత్త. పైపైన ఆలోచనలకి సేవ్ లేదు, ప్రశ్న అడిగితే ఆలోచన అటే పోతుంది. లోతుకి వెళ్తేనే విజ్డమ్ సేవ్, అప్పుడు అవతలివాడికి తెలిసిపోతుంది.

పాలడిన్ డివైన్ సెన్స్ అయితే 60 అడుగుల్లో సెలెస్టియల్ (దేవలోక జీవి), ఫీండ్ (నరకలోక జీవి), అన్‌డెడ్ (చచ్చి లేచినది) ఉంటే చెప్తుంది, మనిషి మంచోడా చెడ్డోడా అని చెప్పదు. థర్డ్ ఎడిషన్లో పాలడిన్ ఎప్పుడంటే అప్పుడు డిటెక్ట్ ఈవిల్ వాడుకునేవాడు, పాత ప్లేయర్లు ఇంకా అదే అనుకుంటారు, ముందే క్లియర్ చెయ్. ఇంకోటి, టోటల్ కవర్ (పూర్తి అడ్డు) వెనకున్నది డివైన్ సెన్స్‌కి అందదు కాబట్టి గుడి నేల కింద ఉన్నది కనిపించదు. నేల పగిలిన రోజు మాత్రం నువ్వు దాచకూడదు.

చీకటి_చూపు
అందరూ స్పెల్స్ గురించి మాట్లాడుతున్నారు, అసలు ప్లేయర్లు అనుమానించడానికి నువ్వు ఏం పెట్టావ్? ఎన్ని క్లూలు?

ఇరవై_పడని_డీఎం
ఒకటి. పెద్దక్క గదిలో తాళం వేసిన సొరుగు, లోపల ఉత్తరం. డీసీ 18, అంటే తియ్యాలంటే రోల్ కనీసం 18 రావాలి. వాళ్ళు ఆ గదిలోకే పోలేదు.

చీకటి_చూపు
అనుకున్నా 😄 తాళం వేసిన సొరుగులో ఉత్తరం. మనమందరం రాసినవాళ్ళమే అది.

లెక్క చూడు. ప్లేయర్‌కి ఇరవై ముఖాల పాచికకి కలిపే బోనస్ ప్లస్ టూ ఉండి డీసీ 15 అయితే 13 లేదా అంతకన్నా ఎక్కువ పడాలి, అంటే 40 శాతం. ఒక్క క్లూ ఉంటే పదింట ఆరుసార్లు కథ అక్కడే ఆగిపోతుంది. అదే సంగతి మూడు వేరే వేరే చోట్ల పెడితే ఒక్కటైనా దొరికే ఛాన్స్ 78 శాతం దాకా పోతుంది. మూడు క్లూల రూల్ అని అందరూ చెప్పేది ఇదే. అటు తిప్పి చూస్తే ఇన్‌సైట్‌తో నీకొచ్చిన ఇబ్బంది కూడా ఇదే, ఒక్కరు అడిగితే 40, "నేనూ వేస్తా నేనూ వేస్తా" అని నలుగురూ వేస్తే 87. అందుకే నా టేబుల్ దగ్గర ఇన్‌సైట్ మాట్లాడుతున్నవాళ్ళే వెయ్యాలి, కావాలంటే ఒకరు హెల్ప్ చెయ్యొచ్చు.

గమ్‌షూ సిస్టమ్ (పరిశోధన కథల కోసం చేసిన వేరే గేమ్ రూల్స్) ఇంకో అడుగు ముందుకేసి కథకి తప్పనిసరి క్లూ అయితే అసలు రోలే వద్దంటుంది, సరైన చోట చూస్తే దొరికినట్టే. నేను డీ అండ్ డీలో కూడా అదే చేస్తున్నా. రోల్ వేయించేది క్లూ దొరకడానికి కాదు, ఎంత నిశ్శబ్దంగా దొరికింది, ఎవరైనా చూశారా లేదా అన్నదానికి.

నీ కల్ట్‌కి క్లూలు సొరుగులో దాచక్కర్లేదు, ఊరంతా పరిచి పెట్టొచ్చు. సమాధుల దగ్గరికి పోయే దారి గడ్డి పట్టేసి ఉంటుంది, ఎవరూ పోవట్లేదు కాబట్టి. రాళ్ళు చెక్కేవాడికి పని లేదు, కొత్త సమాధులు ఉన్నాయి గానీ పేరు చెక్కమని ఎవరూ రావట్లేదు. ఒకామె పిల్లలు ఎంతమంది అంటే ముగ్గురు అంటుంది, ఇంటి గోడ మీద పిల్లల ఎత్తు గీతలు నాలుగు వరసలు ఉంటాయి. ఇవన్నీ వర్ణనలో కలిపి చెప్పెయ్, రోల్ అడక్కు. మొదట్లో ఎవరూ పట్టించుకోరు. నాలుగోది విన్నాక ఒకరు పెన్ను కింద పెడతారు.

మిమిక్_పెట్టె
నాలుగు వరసలు 😭 ఆపండి బాబూ

గుహలో_గుడ్లగూబ
ఇది ఒప్పుకుంటా, బాగుంది. వర్ణన నిజం, ఎన్‌పీసీ మాట వాడి నమ్మకం, ఈ రెండింటి మధ్య తేడాలోనే ప్లేయర్ పని.

ఇప్పటి మాట కాదు ఇది, 1982లో వచ్చిన ఒక పాత డీ అండ్ డీ మాడ్యూల్‌లో (రెడీమేడ్ కథ పుస్తకంలో) కూడా ఇదే, ఊళ్ళో కొంతమంది కల్ట్ వైపు మారిపోయి ఉంటారు, మిగతావాళ్ళు మామూలుగా ఉంటారు, ఎవరు ఎవరో తెలీదు. నలభై ఏళ్ళు దాటినా ఇంకా దీని గురించి మాట్లాడుకుంటున్నాం. తమాషా ఏంటంటే అదే టైంలో అమెరికాలో ఈ ఆటనే దెయ్యాల కల్ట్ అని గోల చేశారు, పిల్లల్ని చెడగొడుతోందని సంఘాలు కూడా పెట్టారు.

నిద్రపోని_బార్డ్
ఎవరూ అనట్లేదు కాబట్టి నేను అంటున్నా. రోగ్ తమ్ముడి జ్ఞాపకాలు తీసేస్తున్నావ్ కదా, ఆ అమ్మాయికి చెప్పావా?

మా ఇంట్లో ఒకరు చాలా ఏళ్ళు ఇలాంటి ఒక గుంపులో ఉండిపోయారు. ఎవరు, ఎక్కడ అనేది వద్దు. చెప్పాలనుకుంది ఏంటంటే, బయటివాళ్ళు అనుకునే నల్ల బట్టలు, బలి పీటలు నాకు ఏమీ అనిపించవు, ఏ ఆటలో వచ్చినా నవ్వుకుంటా. కానీ వాళ్ళు మాతో ఎంత బాగుండేవాళ్ళో, పేరు పెట్టి పిలిచేవాళ్ళు, ఒంట్లో బాలేకపోతే రాత్రంతా కూర్చునేవాళ్ళు, తర్వాత తర్వాత ఒక్కొక్క పాత స్నేహితుడు దూరమయ్యాడు, ఎవరూ దూరం చెయ్యమని చెప్పలేదు, టైం ఉండేది కాదు అంతే. అదీ నిజంగా తగిలేది. నీ దీపం వాళ్ళు సరిగ్గా అలాగే ఉన్నారు. అంటే బాగా రాశావ్ అని అర్థం, అందుకే అడిగి చెయ్యాలి అని కూడా అర్థం.

గుహలో_గుడ్లగూబ
అక్కా అడిగితే సస్పెన్స్ పోదా? "నీ తమ్ముడి జ్ఞాపకాలు పోతాయి ఓకేనా" అంటే ఇంకేం మిగిలింది.

నిద్రపోని_బార్డ్
అలా ఎందుకు అడుగుతాం. సెషన్ జీరోలో (ఆట మొదలయ్యే ముందు కూర్చుని మాట్లాడుకునేప్పుడు) అడిగేవి ఉంటాయి కదా, లైన్స్ అండ్ వీల్స్ అంటారు, అసలు వద్దు అనేవి కొన్ని, తెర వెనక జరిగితే పర్లేదు అనేవి కొన్ని. ఇప్పటికైనా అందరికీ కలిపి ఒక మెసేజ్ పెట్టు. ఈ కథలో మోసం ఉంటుంది, మీరు నమ్మిన వాళ్ళే మోసం చెయ్యొచ్చు, క్యారెక్టర్ మనసు, జ్ఞాపకాలు, కుటుంబం జోలికి కథ రావచ్చు, ఎవరికి ఏది వద్దో నాకు విడిగా చెప్పండి. మోసం ఉందని చెప్పు, ఎవరు అన్నది చెప్పకు. దెయ్యం కథకి వచ్చినవాళ్ళకి దెయ్యం ఉందని తెలుసు, అయినా భయపడతారు కదా.

రోగ్ అమ్మాయిని విడిగా ఇంకోటి అడుగు. "నీ బ్యాక్‌స్టోరీలో తమ్ముడి మీద కథ నడపొచ్చా, కొంచెం బాధగా ఉంటుంది" అని. సరే అంటే చెయ్. వద్దంటే ఆ దీపం పాడైపోయిన దీపం, ఏమీ తీసుకోలేదు, అయిపోయింది.

గుహలో_గుడ్లగూబ
హ్మ్. సరే, ఇది నడుస్తుంది. నేను వేరేలా ఊహించుకున్నా.

పాత_పాచిక
బార్డ్ గారి మాటకి రెండో మాట లేదు.

పాలడిన్ చేరతానంటే చేరనివ్వు తమ్ముడూ, అడ్డం పడకు. చేరగానే బలి ఇవ్వమని అడగరు. మొదట దీపాలు తుడవమంటారు, తర్వాత జ్వరం ఉన్న ఇంటికి నూనె తీసుకెళ్ళమంటారు, ఆ తర్వాత దీపం వద్దంటున్న ముసలాయన దగ్గరికి నచ్చచెప్పడానికి పంపిస్తారు. ఆ ముసలాయన భార్య పోయింది, మర్చిపోవడం ఇష్టం లేదు, అందుకే వద్దంటున్నాడు, కానీ కారణం సరిగ్గా చెప్పలేడు. ఎవరూ పాలడిన్‌ని బలవంతపెట్టలేదు, ఒక్కో మెట్టూ తనే ఎక్కాడు. అసలు సంగతి తెలిసిన రోజు వాడికి ఆ ముసలాయన మొహం గుర్తొస్తుంది, నీ వంద డైలాగుల కన్నా అది ఎక్కువ.

చీకటి_చూపు
పైన చెప్పడం మర్చిపోయా, ప్లేయర్లు ఏమీ చెయ్యకపోయినా కల్ట్ ఆగకూడదు. బ్లేడ్స్ ఇన్ ద డార్క్ అనే ఇంకో గేమ్‌లో క్లాక్ అని వాడతారు, ఒక గుండ్రం గీసి ఆరు ముక్కలు చెయ్, ప్రతి సెషన్‌కి ఒకటి నింపు. రెండు నిండితే పక్క ఊరికి కూడా దీపాలు, నాలుగు నిండితే ముసలాయన ఇంట్లో కూడా దీపం వెలుగుతుంది, ఆరు నిండితే కిందున్నది కళ్ళు తెరుస్తుంది. కల్ట్‌ని కూల్చాక జ్వరం సంగతి కూడా ఆలోచించి పెట్టుకో. రోజుకి ఏడుగురే అన్నావ్ కదా, మిగతా రెండొందల తొంభై మూడు మంది వాకిట్లో నిలబడి మా దీపం ఎందుకు ఆర్పారు అని అడుగుతారు.

ఇరవై_పడని_డీఎం
(అప్‌డేట్, రెండు సెషన్ల తర్వాత)

బార్డ్ అక్క చెప్పినట్టు మెసేజ్ పెట్టా. విజార్డ్ ఆడేవాడు ఒక విషయం వద్దన్నాడు, తీసేశా, అది ఏంటో ఇక్కడ రాయను. రోగ్ అమ్మాయి "తమ్ముడేగా, కానియ్" అని ఒక్క ముక్క పంపింది.

ఏడో సెషన్లో వర్ణనలన్నీ పరిచా. గడ్డి పట్టిన దారి, ఎవరూ పట్టించుకోలేదు. రాళ్ళు చెక్కేవాడు, నవ్వి వదిలేశారు. గోడ మీద గీతల దగ్గర క్లెరిక్ ఆగింది, "ఎన్ని వరసలన్నావ్?" అంది. మళ్ళీ చెప్పా. అప్పటి నుంచీ టేబుల్ దగ్గర జోకులు ఆగిపోయాయి.

ఎనిమిదో సెషన్లో పెద్దక్క ఇంటికి వెళ్ళి జోన్ ఆఫ్ ట్రూత్ వేశారు. సేవ్ ఫెయిల్, ఫెయిలైందని చెప్పేశా. బదులు ఏమీ తీసుకోం అంది. పాలడిన్ "చూశారా, నేను చెప్పలేదూ" అన్నాడు. రోగ్ మాత్రం తన షీట్ తిప్పి "రెండో సెషన్లో కూడా నాకు 19 పడింది, అప్పుడూ నిజమే చెప్పింది" అని చదివింది, నాకు గుండె ఆగినంత పనైంది. తర్వాత ఊరికే, నిజంగా ఊరికే, "ఆ మంచం ఎవరిది?" అని అడిగింది.

పెద్దక్క మంచం వైపు చూసి ముందు నుంచీ ఉంది అంది. రెండోసారి అడిగితే నోరు తెరిచి ఏమీ చెప్పలేకపోయింది. క్లెరిక్ ఇంకో ప్రశ్న అడగబోయి ఆగిపోయింది, స్పెల్ ఇంకా ఆరు నిమిషాలు ఉంది, ఎవరూ ఏమీ అడగలేదు.

నూనె పోసేవాడిని ఇంకా పట్టుకోలేదు. ఇప్పటికి పదిసార్లు మాట్లాడారు వాడితో, పేరు అడగలేదు. క్లాక్‌లో రెండో ముక్క నింపేశా.

పాత_పాచిక
శభాష్.

మిమిక్_పెట్టె
మరి రోగ్ తమ్ముడు? ఎన్ని రాత్రులయ్యాయి?

ఇరవై_పడని_డీఎం
పదకొండు. సెషన్ అయిపోయాక ఎరేజర్ తీసుకుని షీట్ మీద తమ్ముడి పేరు తనే చెరిపేసింది, నేను చెప్పలేదు. నిన్న రాత్రి మెసేజ్ చేసింది, "వాడికి నేను ఏం పేరు పెట్టానో నీ దగ్గర రాసి ఉందా, నాకు నిజంగానే గుర్తు రావట్లేదు" అని.

నా నోట్స్ అంతా వెతికా. అన్నిచోట్లా తమ్ముడు అనే రాసుకున్నా.